యాభై ఎనిమిది వేల ముల్లు

“మల్లేశ్వరీ, మడమలు ఆనించి నడవొద్దని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు? మునివేళ్ల మీద రా.”

కాఫీ గ్లాసుతో గడప దగ్గరే ఆగిపోయింది మల్లేశ్వరి. నలభై ఎనిమిదేళ్ల మనిషి. మెట్లెక్కితే మోకాళ్లు టకటకమనే మనిషి. తన ఇంటి ముందుగదిలోకి దొంగతనానికి వచ్చినట్టు మునివేళ్ల మీద వెళ్లి, గ్లాసును స్టూలు మీద చప్పుడు లేకుండా పెట్టి, అట్లాగే వెనక్కి వచ్చింది. భర్త జయరాం కళ్లు మూసుకొని కుర్చీలో వాలి ఉన్నాడు. ఎదురుగా రికార్డు తిరుగుతోంది. ఎవరో ఒకామె పాడుతోంది. పాట మధ్యలో ఆమె తీసుకునే ఊపిరి కూడా ఇప్పుడు వినపడుతోందని నెల రోజులుగా ఆయన ఫోనులో అందరికీ చెబుతున్నాడు.

వంటింట్లోకి వచ్చాక గానీ ఆమె మడమలు నేలకు ఆనలేదు.

జయరాం ఆదోనిలోనే ఒక బ్యాంకులో హెడ్ క్యాషియరు. ఆ రికార్డు ప్లేయరు కొని ఆరేళ్లయింది. రికార్డులు ఒక్కొక్కటే చేరి బీరువా నిండింది. వాటి దుమ్ము తుడిచేది, అట్టలకు చెద పట్టకుండా చూసేది మల్లేశ్వరి. పోయిన నెల ప్లేయరుకు కొత్త ముల్లు వచ్చింది. ముల్లు అంటే ఆయనకు ఒళ్లు మంట. “కార్ట్రిడ్జ్ అనల్ల. ముల్లంట ముల్లు, కంపచెట్టుదా?” అంటాడు. బొటనవేలి గోరంత పెట్టె, దాని కింద కంటికి ఆనీ ఆనని మొన. యాభై ఎనిమిది వేలు. పాతది మూడు వేలది, బాగానే పాడేది.

దాన్ని బిగించడానికి వచ్చిన శేషప్ప నలభై ఏళ్లుగా రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మనిషి. గంటసేపు కళ్లజోడు ముక్కు కొనకు దించి, ముల్లు రికార్డు మీద ఆనే తూకం సరిచూసి, చివరికి ఉండబట్టలేక అన్నాడు.

“సార్, తప్పుగా అనుకోవద్దు. ఐదారు వేల ముల్లు దాంక తేడా తెలుస్తాది. ఆ పైన పెట్టేదాంట్లో మన చెవికి దొరికేది తక్కువ. మొన అరగకుండా ఉందా, తూకం సరిగ్గుందా, రికార్డు శుభ్రంగా ఉందా, అంతే. ఈ దుడ్లతో మంచి స్పీకర్లు వస్తాండె గదా.”

“నువ్వు బిగించప్పా. సలహాలు తర్వాత.”

శేషప్ప నవ్వేసి, కాఫీ తెచ్చిన మల్లేశ్వరి వైపు తిరిగాడు. “నీ కుట్టుమిషను సూది ఎంతమ్మా?”

“పది రూపాయలు.”

“అది జాకెట్టన్నా కుడ్తాది.”

ఇద్దరూ నవ్వారు. జయరాం నవ్వలేదు. శేషప్ప పోయినాక ఆమెనే పట్టుకున్నాడు. “వానికేం తెలుసు? నీకు అంతకంటే తెలీదు. చౌకది రికార్డు గాడి మీద పైపైన పోతాది. ఇది అడుగుదాంక దిగి తోడుకొస్తాది. దీనికి చెవి ఉండల్ల.”

గాడి అడుగుదాకా దిగే ఆ మొన ఇంట్లో అదురునంతా కూడా తోడుకొస్తుందట. మొదటి వారంలోనే ఆయనకు మల్లేశ్వరి మిషను వినపడింది. ముందుగదిలో, వీధి కిటికీ పక్కన పదిహేడేళ్లుగా ఉన్న కాలు మిషను అది. కూతురు హేమ ఇంజనీరింగు ఫీజులో సగం అదే కట్టింది. దారిన పోయే ఆడవాళ్లు కిటికీలోంచే గుడ్డ అందించి, కొలత జాకెట్టు విసిరి, నాలుగు కబుర్లు చెప్పి పోయేవాళ్లు. ముందు, పాటలు వినే సాయంత్రాల్లో తొక్కొద్దన్నాడు. ఆమె బేరమంతా సాయంత్రాలే. తర్వాత, నేల బండల్లోంచి అదురు పాకుతోందని మిషనును నడిమింట్లోకి జరిపించాడు. నడిమింటికి కిటికీ లేదు. నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టాలంటే పట్టపగలే బల్బు వేసుకొని, ముక్కు సూదికి తగిలేంత వంగాలి. ఇప్పుడు అదీ చాలదంటున్నాడు. పెరట్లో, స్నానాల గది పక్కన, నీళ్ల డ్రమ్ములుండే రేకుల షెడ్డు చూపిస్తున్నాడు.

“రేకుల కిందికి ఎవరొస్తారు? స్నానాల గది పక్కన నిలబడి కొలతలిస్తారా ఆడోళ్లు?” అంది ఆమె.

“రావల్లనుకున్నోళ్లు వస్తారు. ఆదివారం ధనుంజయ, కళ్యాణ్ వస్తాండారు. వాళ్లూ విననీ. నడిమింట్లోంచి కూడా అదురు వస్తాందంటే మాత్రం సోమవారం అది రేకుల కిందికే.”

వాళ్లిద్దరూ ఆయన బ్యాంకు స్నేహితులు. తన మిషను ఎక్కడుండాలో తీర్పు చెప్పే పెద్దమనుషులు వాళ్లు. కిటికీ ఖాళీ అయిన పదిహేను రోజులకే పత్తి మార్కెట్టులో కూలికి పోయే ఎస్తేరు వీధిలో ఎదురై, “మిషను అమ్మేసినావేమో అనుకున్నా గదక్కా! ఈస్టర్ జాకెట్లు మార్కెట్టు కాడ ఇచ్చొచ్చినా” అంది. నడిమింట్లో ఉంటేనే ఇట్లా. రేకుల కింద ఏముంటుంది? ఉడుకు, దోమలు, తను.

చెవి ఉండల్ల. ఆ మాట మల్లేశ్వరికి గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. ఎమ్మిగనూరులో వాళ్ల నాయన మగ్గం నేసేవాడు. వీధి మొత్తం మగ్గాలే. బయట గచ్చకాయలాడుతూనే, లోపల మగ్గంలో అటూ ఇటూ పోయే నాడె ఒక్క దెబ్బ తేడాగా పడితే, “నాయనా, పోగు తెగింది” అని అరిచేది తను. అప్పటికి ఏడేళ్లు. ఇప్పటికీ బాబిన్‌లో దారం అయిపోవడానికి రెండు మూరల ముందే మిషను గొంతు మారుతుంది, ఆమెకు తెలుస్తుంది. అన్నం అడుగంటబోవడం, కుళాయికి నీళ్లు వదలబోవడం, కూతురు ఏడ్చి ముఖం కడుక్కొని ఫోనులో మాట్లాడటం, అన్నీ తెలుస్తాయి. అదంతా చెవి కిందికి రాదు కాబోలు. దానికి ఎవరూ యాభై ఎనిమిది వేలు పెట్టలేదు కాబట్టి.

శనివారం మిషను తోలుబెల్టు తెగింది. మధ్యాహ్నం అన్నం పెడుతూ, “మిషను బెల్టు తెగిందండీ, సోమవారం వస్తూ తీసుకురండి” అంది. ఆయన పెరుగు కలుపుకుంటూ “ఊ” అన్నాడు.

ఆదివారం నాలుగింటికి వాళ్లొచ్చారు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, రెండుసార్లు టీ. “వదినా, బజ్జీలు అదిరిపోయినాయి” అన్నాడు కళ్యాణ్. “ఈ ఇంట్లో అదిరేవి అవొక్కటే ఉండల్లప్పా ఇంక” అన్నాడు జయరాం. ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఆమె ఎంగిలి ప్లేట్లు తీసుకొని మునివేళ్ల మీద వెనక్కి వచ్చి, నడిమింట్లో బల్బు కింద కూర్చొని చేత్తో హుక్కులు కుట్టుకోసాగింది. పక్కన మిషను చక్రం ఉత్తదిగా ఉంది. తెగిన బెల్టు మేకుకు వేలాడుతోంది.

రెండో పాటలో ముందుగది నుంచి కేక వచ్చింది.

“ఏమ్మే! మిషను ఆపు! గుర్రుమని వస్తాంది ఈడ!”

ఆమె మిషను వైపు చూసింది. అది కదల్లేదు. కదలాలన్నా వీల్లేదు. నేను తొక్కలేదు అనే మాట నాలుక కొసదాకా వచ్చింది. కానీ ఇరవైనాలుగేళ్ల అలవాటు దానికంటే ముందు పలికింది.

“ఆపినా!”

ఒక్క క్షణం. తర్వాత కళ్యాణ్ గొంతు. “అబ్బబ్బ! తెర తీసేసినట్టుందప్పా!”

“చెప్పలే నేను?” అన్నాడు జయరాం.

మల్లేశ్వరి చేతిలో హుక్కు అట్లాగే ఉండిపోయింది. కాసేపాగి, గొంతు పెంచి, “ఒక్క జాకెట్టుంది, కొంచెంసేపు తొక్కుకుంటా!” అంది. చేతులు ఒళ్లో పెట్టుకొని, కాళ్లు చాపుకొని కూర్చుంది.

“అదో! విన్న్యావా?” జయరాం.

“విన్న్యా. కిందకింద వస్తాంది, గుర్రుమని,” అన్నాడు ధనుంజయ. “పాతదైతే ఇంత సన్నది పట్టేదే కాదు. పెట్టిన దుడ్లకు న్యాయం చేస్తాందప్పా ఇది.”

“ఆపినా!” అంది ఆమె.

“ఆహా,” అన్నారు ముగ్గురూ.

ముందు నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ నవ్వు పైకి వస్తూ వస్తూ సగంలో వాంతిలా మారింది. లేచి తలుపు సందులోంచి చూసింది. కళ్యాణ్ మీసాల్లో బజ్జీ పిండి ఇరుక్కొని ఉంది. ధనుంజయ కళ్లు మూసుకొని నూనె వేళ్లు ఒక్కొక్కటే నాక్కుంటున్నాడు. జయరాం చూపుడువేలు పైకెత్తి, పాటను తనే పాడిస్తున్నట్టు ఆడిస్తున్నాడు. ముగ్గురు మగవాళ్లు లేని చప్పుడును విని, అది ఆగిపోయినందుకు సుఖపడుతున్నారు.

ఆమె వచ్చి మళ్లీ బల్బు కింద కూర్చుంది. పప్పులో ఉప్పెక్కువైందని ఆయన అన్న రోజున తన నాలుకకు ఎక్కువనిపించలేదు. అయినా తన నాలుకదే తప్పనుకుంది, మర్నాడు తగ్గించింది, ఆ మర్నాడు చప్పగా ఉందన్నాడు, పెంచింది. పుట్టింటివాళ్లతో ఫోనులో అరుస్తావన్నాడు, గుసగుసగా మాట్లాడటం నేర్చుకుంది, చివరికి వాళ్ల అమ్మ “ఏమే, గొంతు బాగలేదా?” అని అడిగింది. నవ్వితే పైవాళ్లకు వినపడుతుందన్నాడు. అత్త బతికున్నప్పుడు, “మా జయరాం చెవి పాము చెవి, సద్దు పడదు వానికి, నువ్వే సర్దుకోవల్ల” అనేది, ఏదో వరం గురించి చెప్పినట్టు. గురక పెడుతున్నావన్నాడు. ఆ మాటకు మూడేళ్లుగా నడిమింట్లో చాప మీద పడుకుంటోంది. పెట్టిందో లేదో ఎవరు చూశారు? ఆయన విన్నానన్నాడు, అంతే. బెల్టు లేని మిషనును విన్న చెవి అది. బెల్టు తెగిందని ఎదుట నిలబడి చెబితే వినని చెవి. ఆ చెవి చెప్పినట్టల్లా తను కోసుకుంటూ, కుదించుకుంటూ వచ్చింది, ఎవరో ఇచ్చిన తప్పుడు కొలతకు గుడ్డ కత్తిరించినట్టు. ఆయన మీద కలిగిన రోత అక్కడితో ఆగలేదు. మునివేళ్ల మీద నడిచిన తన పాదాల మీదికీ పాకింది. కొంగుతో ఒకసారి వాటిని తుడుచుకుంది.

వాళ్లు పోయినాక జయరాం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “ముగ్గురికీ వినపడింది. ఇంక మాట్లాడే పనిలేదు. రేపు కరెంటాయప్పను పంపిస్తా, రేకుల కింద లైటు పెట్టిస్తా.”

“రెండు ప్లగ్గులు కూడా పెట్టమనండి,” అంది.

“కాలు మిషనుకు ప్లగ్గులెందుకు?”

“ఉండనీండి.”

సోమవారం పదకొండింటికల్లా లైటు, ప్లగ్గులు పెట్టిపోయాడు కరెంటాయన. మల్లేశ్వరి మడమలు ఆనించి బజారుకు నడిచి, బెల్టు కొని తెచ్చుకుంది. పని లేక ఇంట్లోనే ఉన్న ఎస్తేరును పిలిచింది. ముందు ముల్లుకు మూత తొడిగింది, చిటికెన వేలు కూడా తగలకుండా. దాన్ని పాడుచేయాలని ఆమెకు లేదు. ప్లేయరు, అదురు తగలకుండా దాని కింద పెట్టిన నాపరాయి, ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు, అన్నీ ఇద్దరూ మోసి రేకుల కింద, నీళ్ల డ్రమ్ముల పక్కన సర్దారు.

“సారు ఊరుకుంటాడా అక్కా?” అంది ఎస్తేరు చెమట తుడుచుకుంటూ.

“ఏమో. నాకు తెలీదు,” అంది మల్లేశ్వరి. నిజంగానే తెలీదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. “మిషను కొంచెం ఎత్తి పట్టు. కిటికీ పక్కకు.”

సాయంత్రం జయరాం వీధి మలుపులోనే మిషను చప్పుడు విన్నట్టున్నాడు. ఈసారి అది నిజంగా ఉన్న చప్పుడు. చెప్పులతోనే లోపలికి వచ్చాడు.

“నా ప్లేయరు యాడ?”

“రేకుల కింద.” ఆమె చీర ఫాల్ కుడుతోంది. తల ఎత్తలేదు.

“తలకాయ తిరుగుతాందా నీకు? యాభై ఎనిమిది వేలది…”

“మూత పెట్టినా. బండ కూడా ఆడికే మోసినాం. ఆడ ఎవరూ నడవరు.”

“ఎవరినడిగి చేసినావు?”

“నిన్న మిషనుకు బెల్టు లేదు,” అంది. “శనివారమే తెగింది. మీకు చెప్పినా. నిన్నంతా చక్రం ఒక్కసారి కూడా తిరగలే.”

ఆయన మిషనును చూశాడు, కొత్త బెల్టును చూశాడు. తల పైకెత్తి ఫ్యానును చూసి అన్నాడు.

“అయితే అది ఫ్యాను అయింటాది.”

ఫ్యానును నిన్న ఆయనే ఆపించాడు. ఆ మాట చెప్పడానికి ఆమె మిషను ఆపలేదు.