మన వీధి మీద నీలం చుక్కలు

బైండింగు బాబాయికి పుస్తకాలు కుట్టడం తప్ప మరో విద్య రాదు. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం, ముప్పై ఏళ్లుగా అదే ఆయన లోకం. అలాంటి మనిషికి, పురపాలక సంఘం కొత్త బస్టాండు కడుతుందనీ, చూస్తున్న స్థలాల్లో తమ వీధీ ఉందనీ, ఎక్కడ కట్టాలో జనాన్నే అడుగుతుందనీ తెలిసేసరికి గుండె గుభేలుమంది. జనాన్ని అడగడమేమిటి, ఎన్నడూ లేనిది!

"ఇక్కడ మనుషులు బతుకుతున్నారని వాళ్లకి తెలియాలే. తెలిస్తే కూలుస్తారా?" అన్నాడు భార్యతో. వీధికంతటికీ ఆవిడ పిన్ని.

"ముందు వాళ్లిచ్చిన కాగితం పూర్తిగా చదివారా?"

"చదివేదేముంది!" అన్నాడు, పుస్తకాలు కుట్టడమే గానీ విప్పి చూసి ఎరగని ఆ మహానుభావుడు.

వారం రోజులు కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. బతిమాలి, కసిరి, తనతో కలిపి నలభై ఒక్క మందిని పురపాలక సంఘం పెట్టిన సమావేశానికి పోగేశాడు. మిగతా వీధులన్నీ కలిపి వచ్చింది ఆరుగురు. వాళ్లలో ఇద్దరు ఫ్యాను గాలికి వచ్చారు.

హాల్లో బల్ల మీద పెద్ద మ్యాపు పరిచారు. ప్లానింగు ఆఫీసరమ్మ మనిషికి మూడు నీలం చుక్కల స్టిక్కర్లు పంచి, మైకులో ఏదో వివరించింది. వినేదెవరు? మ్యాపు కనబడగానే అందరికీ ఒకటే పని, సొంత ఇల్లు వెతుక్కోవడం.

"ఇదిగో మనిల్లు!"

"మాది మూలదిరా, చెయ్యి తియ్యి!"

బాబాయి పెద్దరికం అందుకున్నాడు. "ఎవరింటి మీద వాళ్లు అంటించండి! ఒక్కటి కూడా వృథా చెయ్యొద్దు!" అంటూ, అంచు లేచిన ప్రతి చుక్కనీ బొటనవేలితో ఒత్తాడు. పనితనం ఎక్కడికి పోతుంది? వీధి మొత్తం నీలమైపోయింది. వెనకనున్న ఖాళీ మైదానం మీద నాలుగే చుక్కలు పడ్డాయి. అక్కడ పాపం ఎవరూ ఉండరు కాబోలని జాలిపడ్డాడు కూడా.

పదిహేను రోజులకి కొట్టు తలుపుకి నోటీసు అంటించి పోయారు. పిన్ని పైకి చదివింది. "ప్రజలు అత్యధికంగా కోరిన స్థలం ఈ వీధే అయినందున..." నీలం చుక్కంటే, బస్టాండు ఇక్కడ కట్టండి అనట!

బాబాయి పరుగున ఆఫీసుకి వెళ్లాడు. ఆఫీసరమ్మ లేచి మరీ కుర్చీ చూపించింది.

"మీ వీధి చైతన్యం నేనెక్కడా చూడలేదండీ. నూట ఇరవై మూడు చుక్కలు!"

"అవి మా ఇళ్లు తల్లీ!"

"అవునండీ. ఇళ్లున్నవాళ్లే ముందుకొచ్చారని నివేదికలో ప్రత్యేకంగా రాశాను. అభ్యంతరాలుంటే సోమవారం విచారణ ఉంది. పదిమందిని తీసుకురండి."

పదిమందేం ఖర్మ, వందమందిని తెస్తానని మళ్లీ తలుపులు తట్టాడు.

"నీకో దండం బాబాయ్," అంది ఎదురింటి నర్సు. "ఒకసారి పిలిస్తే వచ్చాం, ఇల్లు పోయింది. ఈసారి వస్తే ఏం పోతుందో!"

మిగతావాళ్లు తలుపే తియ్యలేదు. సోమవారం పిన్ని ఒక్కతే ఆయన వెంట నడిచింది.

"ఒకే ఇంటివాళ్లు ఒకరి కిందే లెక్కండీ," అంది ఆఫీసరమ్మ నొచ్చుకుంటూ. "పదిమందైతే అభ్యంతరం. ఒక్కరైతే సలహా."

"సలహా అనే రాసుకో అమ్మా." బాబాయి చేతులు జోడించాడు. "మమ్మల్ని మా ఇంట్లో ఉండనివ్వమని మా సలహా."

ఆ అమ్మాయికీ మనసు చివుక్కుమంది. గుండ్రటి అక్షరాలతో పొందిగ్గా రాసుకుంది.

"చిరునామా?"

బాబాయి ఇంటి నంబరు, వీధి పేరు చెప్పాడు. ఆమె కలం ఆగింది.

"అది కాదండీ. దీనికి జవాబు వచ్చేసరికి మీరెక్కడ ఉంటారో అది చెప్పండి."