తోటగెడ్డ స్టేషనులో బరువు మిషను

నేను ఒక బరువు చూసే మిషనును. రైల్వే ప్లాట్‌ఫారాల మీద నిలువెత్తు అద్దంతో, ఎరుపూ పచ్చా బల్బులతో, గాజుపలక వెనక గిర్రున తిరిగే చక్రంతో మీరు నన్ను చూసే ఉంటారు. నా మీదికెక్కి నాణెం వేస్తే చాలు, అది కడుపులో పడగానే నాకు చక్కిలిగింత పెట్టినట్టుంటుంది. బల్బులన్నీ వెలుగుతాయి, చక్రం తిరుగుతుంది, టక్కుమని ఒక అట్టకార్డు కింద పడుతుంది. కార్డుకు ఒక పక్క మీ బరువు, ఇంకో పక్క మీ జాతకం. బరువు నేను తూచి చెబుతాను. జాతకం మాత్రం ఎవరో అచ్చేసి నా పొట్టలో పెట్టింది. విచిత్రమేమిటంటే, మనుషులు నా తూకాన్ని నమ్మరు గాని జాతకాన్ని కళ్లకద్దుకుంటారు.

నేను పుట్టింది పట్నంలో ఒక రేకుల షెడ్డులో. నన్ను బిగించిన ఫిట్టరు ముందు తనే ఎక్కి చూసుకుని, "ఇంతెక్కడున్నాను? దీనికి స్ప్రింగు తేడాగా ఉంది" అని స్ప్రింగు సడలించాడు. తరవాత మేనేజరు ఎక్కి మళ్లీ బిగించాడు. మొదట నన్ను ఒక సినిమాహాలు వరండాలో పెట్టారు. ఇంటర్వెల్లులో బజ్జీలు తిని ఎక్కినవాళ్లు నన్ను తిట్టారు, ఏడుపు సినిమా చూసి ఎక్కినవాళ్లు నా అద్దంలో ముక్కు తుడుచుకున్నారు. హాలు మూతపడ్డాక నన్ను గోనెపట్టాలో చుట్టి గూడ్సుబండి ఎక్కించారు. దిగింది తోటగెడ్డలో.

తోటగెడ్డ నాగావళి లోయలో ఒక చిన్న ఊరు. రెండు పక్కలా కొండలు, నడుమ ఏరు, ఏటి వెంబడే మెలికలు తిరిగే రైలుకట్ట. స్టేషను సరిగ్గా ఒక మలుపు మీద ఉంటుంది. కూత వినిపించాక కూడా బండి ఎక్కణ్ణించి వస్తోందో తెలియదు, కొండలు ఆ కూతను అటూ ఇటూ విసురుకుంటూ ఆడుకుంటాయి. ఏటి మీద వేలాడే వంతెనను చూడటానికి పట్నాలనుంచి జనం వచ్చేవారు. బండి దిగగానే గుండెల నిండా గాలి పీల్చి, "అబ్బ, ఎంత నిశ్శబ్దంగా ఉందో!" అని గొంతు చించుకుని అరిచేవారు. ఊళ్లోవాళ్లు ఎంత అదృష్టవంతులో చెప్పుకుని, మర్నాటికల్లా తిరుగుబండి ఎన్నింటికని అడిగేవారు. బండి వెళ్లిపోతుంటే ఊళ్లోవాళ్లు దాని వెనక చూస్తూ, "అదురుష్టమంటే ఆళ్లదిరా" అని నిట్టూర్చేవారు. ఇద్దరినీ తూచిన నాకు మాత్రం పెద్ద తేడా కనిపించలేదు.

నాకు ఎదురుగా, ప్లాట్‌ఫారం స్తంభం దగ్గర, తవిటమ్మ అనాసపళ్ల బుట్టతో కూర్చునేది. వయసు ముప్పై అయిదు దాటింది. తల్లీతండ్రీ పోతే తమ్ముణ్ణి తనే పెంచి, చదివించి, పెళ్లి చేసి విశాఖపట్నం పంపించింది. ఆ హడావిడిలో తన పెళ్లి మాట మర్చిపోయింది, ఊరు కూడా గుర్తు చెయ్యలేదు. చేతిలో కత్తి, నోట్లో చమత్కారం రెండూ పదునే. అనాసకు కళ్లు తీసి, ఉప్పూకారం చల్లి ఆకులో పెట్టి ఇస్తే, తిన్న పట్నంవాడు మూడో ముక్కకి కళ్లు మూసుకునేవాడు. "కళ్లు తెరిసి బండెక్కు బాబూ, ఎల్లిపోతాది" అనేది.

ఇక గవరయ్య. ఊరి బ్యాండుమేళానికి క్లారినెట్టు మేస్టారు. లోయలో ఎక్కడ పెళ్లయినా ఆయన ఊదాల్సిందే. అన్ని పెళ్లిళ్లు చేయించిన మనిషికి తన పెళ్లి లేదు. గాలంతా క్లారినెట్టులోకే పోయిందో ఏమో, మాట అనేది ఆయన నోట వచ్చేది కాదు. పెళ్లికి బయలుదేరేటప్పుడూ, తిరిగి వచ్చినప్పుడూ తప్పకుండా నా మీద ఎక్కేవాడు. ఎప్పుడు ఎక్కినా అదే బరువు, గ్రాము తేడా లేదు. ఈయనకు ఏదైనా జబ్బేమో, అందుకే ఇంత దిగులుగా తూచుకుంటున్నాడని మొదట్లో జాలిపడ్డాను. తరవాత గమనించాను. చక్రం తిరిగినంతసేపూ ఆయన చక్రం వైపు చూడడు. అద్దంలో తన మొహమూ చూసుకోడు. అద్దంలో తన భుజం మీదుగా కనిపించే అనాసబుట్ట వైపు చూస్తాడు. చక్రం ఆగగానే గబగబా దిగిపోతాడు. అది తెలిసిన రోజునుంచి ఆయన ఎక్కినప్పుడల్లా నా చక్రాన్ని కాస్త ఎక్కువసేపు తిప్పడానికి నా శక్తికొద్దీ ప్రయత్నించాను.

ఇలా ఉండగా ఒక వైశాఖంలో నా పొట్టలోకి కొత్త కార్డులు వచ్చాయి. అచ్చాఫీసులో ఏం జరిగిందో ఏమో, కట్ట మొత్తం మీద ఒకే జాతకం: "నీ మనసులో ఉన్న మాట ఈ రోజే చెప్పు. ఆలస్యం చేయకు."

మొదటి కార్డు స్టేషను మాస్టరు పరదేశినాయుడికి పడింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, చెమట తుడుచుకుని, క్వార్టర్సుకు వెళ్లి వారం రోజులకని వచ్చి నాలుగు నెలలుగా ఉంటున్న అత్తగారితో, "ఎప్పుడెల్తారండీ?" అని అడిగేశాడట. ఆవిడ ఒక్క క్షణం చూసి, "బతికించావు బాబూ! ఎల్తానంటే మీరు బాదపడతారని ఉండిపోనాను, మా ఊర్ల నా గేదె ఏటవుతందో ఏటో!" అని ఆ సాయంత్రమే బండెక్కింది. స్టేషను మాస్టరు ఈ సంగతి చెప్పడంతో ఊరు ఊరంతా నా మీదికి ఎగబడింది.

ఆ వారం తోటగెడ్డకు పిచ్చెక్కిందంటే నమ్మండి. దర్జీ తన కొట్టు ముందు నిలబడి, "మీ జాకెట్టుగుడ్డలు ఒక్కటీ నాను కత్తెరెట్టలేదు" అని అందరికీ చాటాడు. ఒక ముసలావిడ కోడలి చెయ్యి పట్టుకుని, నీ చేపలపులుసు ముందు నాది ఎందుకూ పనికిరాదని ఒప్పుకుంది. కోడలు ఆనందం పట్టలేక గరిటెతో సహా వీధిలోకి పరిగెత్తింది. వంతెన చూడటానికి వచ్చిన ఒక పట్నం ఉద్యోగి కార్డు చదువుకుని, తపాలా ఆఫీసునుంచి తన ఆఫీసరుకు పెద్ద టెలిగ్రాం ఇచ్చి, ఇకనుంచి ఈ ఊళ్లోనే ఉంటానని ప్రకటించాడు. రాత్రి దోమలు కుట్టాయి. పొద్దున్నే మొదటిదాన్ని రద్దు చేస్తూ ఇంకో టెలిగ్రాం ఇచ్చి వెళ్లిపోయాడు. కార్డు పడిన ప్రతివాడూ దాన్ని తవిటమ్మ బుట్ట దగ్గర నిలబడి పైకి చదివేవాడు. ఆ వాక్యం ఆమెకు కంఠతా వచ్చేసింది. తను మాత్రం ఎక్కలేదు. "నా బరువు నాకు తెలుసు" అనేది.

ఈ సంబరమంతా చూడాల్సిన ఒక్క మనిషీ ఊళ్లో లేడు. పెళ్లిళ్ల రోజులు కదా, గవరయ్య ఒక ఊరి పందిరినుంచి ఇంకో ఊరి పందిరికి ఊదుకుంటూ తిరుగుతున్నాడు.

ఆ వారం చివర్లోనే విశాఖపట్నంనుంచి తవిటమ్మ తమ్ముడు కబురు పంపాడు. భార్యకు కవలపిల్లలు, ఇంట్లో పెద్దదిక్కు లేదు, అక్క వచ్చి తమతోనే ఉండిపోవాలి. తవిటమ్మ ఒక రోజంతా ఎవరితోనూ చమత్కారమాడలేదు. మర్నాడు బుట్ట పక్కింటావిడకు ఇచ్చేసి, రేకుపెట్టె సర్దుకుని, విశాఖపట్నం పాసింజరు కోసం స్తంభం దగ్గరికొచ్చి కూర్చుంది. అదే పొద్దున, ఊరి గోల కంపెనీదాకా వెళ్లిందో ఏమో, మెకానిక్కు వచ్చి నా పొట్టలోని కార్డులన్నీ తీసేసి, రకరకాల జాతకాలున్న మంచి కట్ట పెట్టి పోయాడు. అయ్యో, ఇంకొక్క గంట ఆగితే ఏం పోయేదయ్యా అని నా స్ప్రింగులన్నీ మూలిగాయి.

ఎందుకంటే ఎదురుబండి దిగి గవరయ్య వస్తున్నాడు. జరీ అల్లికల ఎర్రకోటు, చంకలో క్లారినెట్టు పెట్టె. ఎప్పటిలాగే బుట్ట వైపు చూశాడు. బుట్ట లేదు. రేకుపెట్టె ఉంది.

"యాడకి ఎల్తన్నావేటి?" అన్నాడు. నేను విన్నంతలో ఆయన ఆమెతో అన్న అతి పెద్ద వాక్యం అదే.

"ఇశాపట్నం. తమ్ముడు రమ్మన్నాడు."

"మల్లెప్పుడొస్తావు?"

"రాను. అక్కడే ఉండిపోతాను."

గవరయ్య కోటు గుండీ ఒకటి విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక, అలవాటు చొప్పున వచ్చి నా మీద ఎక్కాడు. నాణెం పడింది. నేను చక్రాన్ని తిప్పాను, తిప్పాను, తిరగ్గలిగినంతా తిప్పాను. చివరికి కార్డు పడింది. దాని మీద ఏముందో నాకు తెలుసు: "అనవసరమైన ఖర్చులు తగ్గించుకోండి."

ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా, దూరంగా పట్టుకుని చూశాడు. కళ్లద్దాలు డోలు వాయించే అతని సంచిలో ఉండిపోయాయట. కార్డు తెచ్చి తవిటమ్మకు చాచాడు.

"ఏటి రాసున్నాదో సూడవా?"

"బరువు సదవాలా, జాతకం సదవాలా?"

"బరువెవుడిక్కావాల? ఎప్పుడూ ఒకటే గదా."

"మరి ఎందుకెక్కుతావు మేస్టారూ, ఇన్నేళ్లూ?"

ఆయన చెవులు కోటు రంగుకు తిరిగాయి. తవిటమ్మ కార్డు తిప్పింది. చదివింది. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి, అక్షరం తప్పు పోదు. కార్డు వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. నాకు చెమట పట్టే వీలుంటే పట్టేది. అప్పుడామె గొంతు సవరించుకుని, మాట మాట విడదీసి చదివింది:

"నీ మనసులో ఉన్న మాట... ఈ రోజే చెప్పు. ఆలస్యం చేయకు."

"అలగ రాసున్నాదా?"

"అచ్చరాలా అలగే." ఆయన కార్డు వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడే పాసింజరు మలుపు తిరిగింది. కూత, చక్రాల మోత, కొండల ప్రతిధ్వని. గవరయ్య ఏదో అన్నాడు, వినపడలేదు. తవిటమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఆయన ఇంకాస్త గట్టిగా అన్నాడు, అదీ వినపడలేదు. చివరికి క్లారినెట్టు ఊదే ఆ రొమ్మునిండా గాలి పీల్చి అరిచాడు. సరిగ్గా అదే క్షణాన బండి ఆగింది. ప్లాట్‌ఫారం అంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో లోయ మొత్తానికి వినిపించింది:

"నువ్వెల్లిపోతే నానెవుడికోసం తూసుకోవాలే? నన్ను మనువాడు!"

"మనువాడు... వాడు... వాడు..." అన్నాయి కొండలు.

ప్రతి కిటికీలోంచీ ఒక తల బయటికొచ్చింది. టీ అమ్మేవాడు టీని గ్లాసులో కాకుండా తన కాలి మీద పోసుకున్నాడు. పరదేశినాయుడు పచ్చజెండా ఎత్తబోయి ఎర్రజెండా ఎత్తాడు.

తవిటమ్మ కొంగుతో నోరు మూసుకుని నవ్వింది, నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. "ఇంత సిన్న ఇసయానికి అంతలాగ అరవాలేటి? నాకేటి సెవుడా?" అంది. తరవాత బండి ఎక్కించడానికని రేకుపెట్టె నెత్తికెత్తుకున్న కూలీతో, "దించీ బాబూ. కవలపిల్లల్ని సూడ్డానికి వచ్చే నెల్లో ఇద్దరం ఎల్తాం" అంది.

బండిలోవాళ్లు ఈలలు వేశారు. గార్డు చేత్తో ఇద్దరికీ అక్షింతలు చల్లినట్టు అభినయించాడు. పాసింజరు ఆ రోజు ఆలస్యంగానే కదిలింది, ఎవరూ విసుక్కోలేదు.

పెళ్లి స్టేషను వెనక మామిడితోపులో జరిగింది. మేస్టారి పెళ్లికి ఇంకెవరు ఊదుతారు? నుదుట బాసికం కట్టుకుని ఆయనే ఊదాడు. పంతులుగారు, "క్లారినెట్టు కాసేపు పక్కన పెట్టవయ్యా, తాళి కట్టాలి" అని బతిమాలుకుంటే, చరణం ముగించి కట్టాడు. సాయంత్రం ఇద్దరూ ఊరేగింపుగా నా దగ్గరికొచ్చారు. గవరయ్య నాకు దండ వేసి కొబ్బరికాయ కొట్టాడు. "నీ మూలంగానే" అని దణ్ణం పెట్టాడు. నాకు సిగ్గేసింది. ఆయన కొబ్బరిచిప్పలు పంచుతుండగా తవిటమ్మ నా అద్దానికి బొట్టు పెడుతూ వంగి, "ఆ కార్డు సంగతి ఆయనకి సెప్పీకు" అని గొణిగింది.

ఏళ్లు గడిచాయి. ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాయి, నా బల్బులు మాడిపోయాయి. నన్ను గూడ్సు షెడ్డులో ఒక మూలకు చేర్చమన్నారు. మోయడానికి గవరయ్య కూడా ఒక చెయ్యి వేశాడు, జుట్టు నెరిసింది గాని రొమ్ము అలాగే ఉంది. మిగతావాళ్లు వెళ్లిపోయాక ఆయన ఆగి, కళ్లద్దాలు పెట్టుకుని, క్లారినెట్టు పెట్టెలోంచి పాత కార్డు ఒకటి తీసి నా ముందు చదివాడు. "అనవసరమైన ఖర్చులు తగ్గించుకోండి." పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ సాయంత్రమే అద్దాలొచ్చినాయి, ఆ సాయంత్రమే సదివినాను. దానికి మట్టుకు సెప్పీకు, సిన్నబుచ్చుకుంటాది."

సరే, చెప్పను. ఎవరికీ చెప్పే నోరు నాకెలాగూ లేదు. షెడ్డులో పావురాల మధ్య హాయిగా ఉన్నాను, ఇద్దరి రహస్యాలూ నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. కాకపోతే ఒక్క అనుమానం. ఆయన ఆ కార్డును క్లారినెట్టు పెట్టెలోనే దాచుకుంటాడు. ఆ పెట్టెను రోజూ పొద్దున్నే తీసి, తుడిచి, మళ్లీ సర్దేది తవిటమ్మే.