తోక కింది ఎరుపు

వల పోగు పిట్ట కాలికి రెండు చుట్లు తిరిగి రెక్క కిందికి వెళ్ళింది. అక్కడి నుంచి ఎటు పోయిందో కంటికి ఆనడం లేదు. ఉలిగప్ప కళ్ళను నమ్ముకోవడం మానేసి చాలా కాలమైంది.

పికిలిపిట్ట మెడను ఎడమచేతి వేళ్ళ సందున ఒడుపుగా పట్టుకున్నాడు. వల కట్టిన వెదురు గడకు ఒక చిన్న రేకు డబ్బా వేలాడుతోంది. కుడి బొటనవేలిని అందులో అద్దాడు. బూడిద అంటిన ఆ వేలితో పిట్ట కాలి మీది పోగును మెల్లగా దొర్లించాడు. ఒక చుట్టు వదిలింది. పిట్ట తల తిప్పి అతని చూపుడువేలు కొరికింది.

"కొరుక్కోమ్మా, కొరుక్కో. నీ బాధ నీది," అన్నాడు.

రెండో చుట్టు కూడా వదిలింది. పిట్టను గుడ్డసంచిలో వేసి మూతి బిగించాడు. నడుం నిలబెట్టడానికి గడను పట్టుకోవలసి వచ్చింది. పెనుకొండ కొండ మీద ఎండ పడింది. తోటలోకి ఇంకా రాలేదు. దానిమ్మ చెట్ల వరసల మధ్య ఇంకో రెండు వలలు ఉన్నాయి. వాటిలోనూ ఏవో కొట్టుకుంటున్నాయి. పోయి విడిపించాలి. మళ్ళీ మొదటి వలకు రావాలి. ఎండ ముదిరేదాకా అదే తిరుగుడు.

అతని వయసు అరవైకి దగ్గర పడింది. అందులో ముప్పై ఏళ్ళకు పైగా ధర్మవరంలో మగ్గాల కింద గడిచిపోయాయి. అతను నేతగాడు కాదు. అచ్చు అతికేవాడు. మగ్గం మీద పాత నిలువు పోగులు అయిపోవస్తుంటే, కొత్తవాటిని ఒక్కొక్కటిగా పాతవాటి కొసలకు మెలిపెట్టి కలపాలి. వేల పోగులు. వేళ్ళకు విబూది అద్దుకుంటేనే పట్టు జారకుండా మెలిపడుతుంది. ఒక పోగు తప్పు అతికితే ఆ గీత చీర పొడవునా పోతుంది. ఉలిగప్ప అతికిన అచ్చులో గీత పడిందన్న మాట ఆ వీధిలో ఎవరూ వినలేదు.

ఆ తరువాత కళ్ళు మసకేశాయి. అచ్చులు అతికే మిషను వచ్చింది. రెండూ ఒకే ఏడాది. అతను ఇంటి అరుగు మీద కూర్చుని తన వేళ్ళను తనే చూసుకునే రోజుల్లో, పిట్టల మీద చదువు చదివే పిల్ల సాయిసుధ వెతుక్కుంటూ వచ్చింది. వలలో చిక్కిన పిట్టలను ఈక ఊడకుండా విడిపించే చేతులు కావాలంది. పట్టుపోగులు అతికే వేళ్ళు నైలాను పోగును విడదీయలేవా అని ఎవరో ఆమెకు చెప్పారట.

అప్పటి నుంచి ఈ తోటలోని మోటారు షెడ్డులోనే పడక. ఆదివారం మాత్రం ఇంటికి.

జేబులో ఫోను మోగింది. భార్య చౌడక్క.

"ఏం చేస్తాండావు?"

"ఏం చేస్తా. పిట్టలతో కొరికిచ్చుకుంటాండా."

"నాకన్నా బాగా కొరుకుతాయా?"

"నీ అంత లేదులే," అన్నాడు. అవతల నవ్వు వినిపించింది. వెనక మగ్గాల చప్పుడు. ఆమె పోగును కండెలకు చుట్టే పనికి పోయినట్టుంది.

"విబూది అయిపోయిందా? పిడకలు కాల్చి, జల్లించి పెట్టినా. ఆదివారం తీసుకపో."

"ఇంకా ఉండాది," అని ఫోను పెట్టేశాడు.

*

షెడ్డు ముందు బల్ల. బల్ల మీద లాప్‌టాప్, రంగు కొలిచే పరికరం, దూది, తూకం, కాళ్ళకు తొడిగే చిన్న రింగులు. సాయిసుధ పిట్టను బోర్లించి తోక కింది ఎర్రటి ఈకలకు పరికరం మొన ఆనించింది. తెర మీద అంకె పడింది. పిట్టను వదిలేసింది. ఆమెది హిందూపురం. బెంగళూరులో పరిశోధన చేస్తోంది. ఈ ఆరు నెలలుగా హిందూపురం నుంచి రోజూ తొలి బస్సుకు వచ్చి ఇదే పని.

ఆమె తేల్చుకోవాలనుకున్నది ఒక్కటే. కొండ కింద అంతా లాంటానా కంప. ఎక్కడి నుంచో వచ్చి, ఉన్న మొక్కలను తొక్కేసి అల్లుకుపోయింది. దాని నల్లటి పండ్లు తినే పికిలిపిట్టల ఎరుపుకూ, తోటలో దానిమ్మ పొడుచుకు తినే పిట్టల ఎరుపుకూ తేడా ఉందా? తోటలో వలలు ఉలిగప్పవి. కొండ కింద వలలు రామాంజినేయులువి. మేకలు కాసే పని వదిలి వచ్చినవాడు. ఓపిక తక్కువ. పోగు చిక్కుపడితే కత్తిరించేస్తాడు.

టీ వేళకు రామాంజినేయులు మోటారుసైకిల్ మీద పిట్టల సంచులు తెచ్చాడు.

"ఏం మామా, నీ కత్తెరకు ఇంకా నోరు రాలేదా?"

ఉలిగప్ప చొక్కా జేబు తడుముకున్నాడు. కత్తెర ఉంది. సాయిసుధ ఇచ్చిన నాటి నుంచి దానితో ఒక్క పోగూ కోయలేదు. "నీదానికి నోరు ఎక్కువైందిలే. వల చూస్తే జల్లెడ మాదిరి ఉండాది," అన్నాడు.

తోట యజమాని శివకృష్ణ టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. "ఏమప్పా ఉలిగప్పా! నా కాయలు తినే దొంగల్ని పట్టుకొని, కాలికి కడియం తొడిగి, మళ్ళీ వదిలిపెడతాండారే. మీది పోలీసు పనా, పెండ్లి పనా?"

అందరూ నవ్వారు. సాయిసుధ నవ్వులో మామూలు కన్నా ఎక్కువ వెలుగు ఉంది.

"శివన్నా, ఈ పొద్దు రాత్రికి మా సార్‌కు ఫలితం పంపిస్తాండా. తేడా ఉండాది. శానా ఉండాది. కొండ కింద పిట్టలు మిరపపండు మాదిరి ఎరుపు. మీ తోట పిట్టలు వెలిసిపోయినాయి."

"అంటే నా కాయల్లో సత్తువ లేదంటావా?" శివకృష్ణకు నిజంగానే రోషం వచ్చింది.

"కాయల్ని అనలేదన్నా." ఆమె ఉలిగప్ప వైపు తిరిగింది. "తాతా, ఇది నిలబడితే ప్రాజెక్టు ఇంకో రెండేళ్ళు. నువ్వు యాడికీ పోయే పని లేదు. లేకుంటే ఈ నెలతో వలలు ఎత్తేయాల్సిందే."

ఉలిగప్ప తల ఊపాడు. రెండేళ్ళు. అరుగు మీదికి పోకుండా రెండేళ్ళు.

"అసలు ఎట్ల ఉంటాయంటే," సాయిసుధ టీ గ్లాసు చేతిలో తిప్పుతూ అంది, "ఎరుపు మీద ఎవరో పల్చగా బూడిద చల్లినట్టు ఉంటాయి, ఈడ పిట్టలు."

ఉలిగప్ప గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"దుమ్మేమో పాపా," అన్నాడు.

"దుమ్మయితే కొండ కింద కూడా ఉండాల గదా తాతా. ఆడ ఇంకా ఎక్కువ దుమ్ము."

టీ చల్లారిపోయింది. అతను గ్లాసు కింద పెట్టి కుడిచెయ్యి చూసుకున్నాడు. బొటనవేలి గీతల్లో బూడిద. నుదుటి మీద కూడా అదే బూడిద. రోజూ చూస్తున్నా ఆమె దాన్ని భక్తి అనుకుంది. ఒక్కో వల గడకు వేలాడే డబ్బానూ దేవుడిదే అనుకుంది. అడిగే పని ఎవరికి? వలలో పిట్ట మొదట కాళ్ళ దగ్గరే చిక్కుకుంటుంది. కాళ్ళు విడిపించాలంటే వేళ్ళు తోక కిందికే పోతాయి.

*

అనుమానం తీరాలంటే ఒక్క పిట్ట చాలు.

బొట్టుబొట్టుగా నీళ్ళు చెట్లకు పోయే పైపు దగ్గర కూర్చుని రెండు చేతులూ కడిగాడు. మట్టి రాసి మళ్ళీ కడిగాడు. పంచెకు తుడుచుకుంటే మళ్ళీ బూడిద అంటుతుందని గాలికి ఆరబెట్టాడు. ఒక పిట్టను ఉత్త చేతులతో విడిపించి, ఎండలో కంటికి దగ్గరగా పెట్టి చూస్తాడు. వెలిసినట్టే ఉంటే సరే. మనసు నిమ్మళం. ఎర్రగా ఉంటే...

ఉంటే ఏమిటన్నది ఆలోచించలేదు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?

మూడో వలలో పికిలిపిట్ట ఉంది. చెడుగా చిక్కుకుంది. వల అడుగున బోర్లా పడి, పోగు మెడకు పడి, రెక్క కింద నుంచి వచ్చి కాళ్ళకు బిగుసుకుంది.

కాళ్ళతో మొదలుపెట్టాడు. చెమట. పోగు వేలి కింద నుంచి జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. ముప్పై ఏళ్ళుగా తెలిసిన పని ఎవరిదో పరాయివాడిది అయిపోయింది. చెయ్యి అలవాటుగా డబ్బా వైపు వెళ్ళింది. వెనక్కి లాక్కున్నాడు. పిట్ట ముక్కు తెరుచుకుంది. చప్పుడు లేదు.

మెడకు పడితే కత్తిరించు, వల పోతే పోనీ. మొదటి రోజే చెప్పింది సాయిసుధ. జేబులో కత్తెర ఉంది. కానీ అతని వేళ్ళకు అతకడం, విడదీయడమే తెలుసు. పోగు కోయడం అంటే చేతకాదని ఒప్పుకోవడం. ఇంకొక్క చుట్టు. ఇదొక్కటి వస్తే మిగతావి వాటంతట అవే వస్తాయి. వచ్చింది. ఇంకొకటి ఉంది.

కత్తెర తీశాడు. పోగు తెగిన చప్పుడు కూడా రాలేదు. వల పట్టు వదిలేసింది.

పిట్ట అతని అరచేతిలో పడింది. కొరకలేదు. వెచ్చగా ఉంది. తల ఒక పక్కకు ఒరిగింది. అతను ఊదాడు. ఇంకోసారి ఊదాడు. పిట్ట తల మీది నల్లటి కుచ్చు అటూ ఇటూ కదిలి ఆగిపోయింది.

చాలాసేపటికి దాన్ని వెల్లకిలా తిప్పాడు. తోక కింది ఈకలు వేలితో చీల్చి కంటి దాకా ఎత్తాడు.

మిరపపండు ఎరుపు. కొండ కింద పిట్టల ఎరుపే.

*

వరస చివర రాలిన కాయలు, కుళ్ళిన కాయలు పారేసే గుంత ఉంది. తేనెటీగలు ముసురుతున్నాయి. ఉలిగప్ప దాని అంచున నిలబడ్డాడు. కాయల మధ్య ఒక పిట్ట. పొద్దుగూకేలోగా చీమలు చూసుకుంటాయి. రాత్రికి ఆ పిల్ల ఫలితం పంపుతుంది. రెండేళ్ళు.

వంగి, పగిలిన కాయలను పక్కకు జరిపాడు.

"ఏమప్పా, ఆడేం దాచిపెడతాండావు? నా కాయలేనా?" శివకృష్ణ గొంతు, వెనక నుంచి. వేళాకోళమే.

ఉలిగప్ప తిరిగాడు. చెయ్యి చాపి చూపించాడు. "పిట్ట చచ్చిపోయినాది."

శివకృష్ణ చూశాడు. చెంప గోక్కున్నాడు. "పోనీలేప్పా. పిట్టే గదా. గుంతలో ఏసెయ్."

ఎంత తేలిక. మాట తన నోటి నుంచి కూడా రాలేదు. ఎదుటివాడే చెప్పాడు. వేసేసి చెయ్యి దులుపుకోవచ్చు. ఉలిగప్ప అలాగే నిలబడ్డాడు. కూర్చోవాలనిపించింది. ఈ గుంత అంచునే కూర్చుండిపోవాలనిపించింది.

"పాపకు చూపిచ్చాల," అని షెడ్డు వైపు నడిచాడు.

*

సాయిసుధ తిట్టలేదు. చచ్చిన పిట్టలనూ కొలవాలి కాబట్టి దాన్ని తెల్లగుడ్డ మీద పెట్టి పరికరం ఆనించింది. తెర చూసింది. మొన తుడిచి మళ్ళీ ఆనించింది.

"ఇది యాడ పడింది తాతా?"

"మూడో వల."

"మన తోటలోనా? ఇంత ఎరుపు ఎట్ల?"

ఉలిగప్ప రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. తడి ఆరి తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. "ఈ పొద్దు విబూది పెట్టుకోలేదు పాపా. ఈ ఒక్కదానికి."

ఆమె ఆ చేతులు చూసింది. నుదురు చూసింది. లేచి, పొద్దున అతను పట్టిన పిట్టల్లో సంచిలో మిగిలినదాన్ని తీసింది. ముందు కొలిచింది. తరువాత దూది తడిపి తోక కింద మెల్లగా అద్దింది. దూది బూడిదరంగుకు తిరిగింది. ఆరేదాకా పిట్టను పట్టుకుని కదలకుండా కూర్చుంది. మళ్ళీ కొలిచింది. అంకె ఎక్కడికి ఎక్కిందో ఉలిగప్పకు చదవడం రాదు. ఆమె భుజాలు దిగిపోవడం కనిపించింది.

"ఎప్పట్నుంచి?"

"మొదటి పిట్ట నుంచి."

"ఏమిటికి తాతా?"

"ఈక ఇరగకుండా," అన్నాడు.

సాయిసుధ లాప్‌టాప్ మూసింది. ఫోను తీసుకుని దానిమ్మ చెట్ల మధ్యకు వెళ్ళి చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడింది. మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకుంది. తిరిగి వచ్చాక చచ్చిన పిట్టను గుడ్డలో చుట్టింది.

"తేడా లేదు తాతా. ఏ కాయ తిన్నా ఒకటే ఎరుపు. కొన్ని పిట్టల్ని మళ్ళీ పట్టి, కడిగి కొలిచి ముగించేయమన్నాడు సారు. ఆ కొన్నింటికి..." గుడ్డ కొసలు ముడి వేసింది. "రామాంజినేయులును రమ్మంటా."

"మంచిది పాపా. వానికి కోయడం తెలుసు."

"నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేదే కాదు. ఏమిటికి చెప్పినావు?"

ఉలిగప్ప గుడ్డ మూట వైపు చూశాడు. "అది చచ్చిపోయినాది గదా," అన్నాడు.

*

సాయంత్రం ధర్మవరం పాసింజరుకు పోవాలి. దుప్పటి, రెండు చొక్కాలు, అన్నం తినే తట్ట సంచిలో సర్దుకున్నాడు. కత్తెర బల్ల మీద పెట్టాడు. శివకృష్ణ నాలుగు పెద్ద కాయలు తెచ్చి సంచిలో కుక్కాడు. "తిను. సత్తువ ఉండాదో లేదో నువ్వే చెప్పు," అన్నాడు. సాయిసుధ స్టేషను దాకా తోడు వస్తానంది. వద్దన్నాడు.

బండిలో కిటికీ పక్కన సీటు దొరికింది. కొండ వెనక్కి పోయింది. ఫోను మోగింది. చౌడక్క. ఇంటికి వస్తున్నానని చెప్పాడు. "ఆదివారం కాకనే వస్తాండావే, ఒళ్ళు బాగలేదా?" అంది. "బాగుండాది," అన్నాడు. "విబూది జల్లించి పెట్టినావు గదా, ఎవరికైనా ఇచ్చెయ్."

ఆమె ఏదో అడగబోయింది. బండి చప్పుడుకు వినపడనట్టు ఫోను పెట్టేశాడు. తల కిటికీ కమ్మీకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఒడిలో అతని బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా దొర్లుతూనే ఉంది.

కొన్నాళ్ళకు తోటలో వలలు చుట్టేశారు. వరస చివరి గడ మాత్రం పీకడం మరిచిపోయారు. దానికి రేకు డబ్బా అలాగే వేలాడుతోంది, ఎప్పుడో అతను అతికి కట్టిన ఎర్రటి పట్టుపోగుతో. ఆ పోగులో అతుకు ఎక్కడుందో వెతికినా కనిపించదు.