మాదన్న ఇంట్లో ఆగిన నీడ

పాస్టర్ ఏసన్న పొద్దున ఏడింటికే ఆదోనిలో బయలుదేరి, సాయంత్రందాకా ఎమ్మిగనూరు దారి పల్లెల్లో విశ్వాసుల ఇళ్లు తిరిగేవాడు. యాభై నాలుగేళ్లు వచ్చాయి. మోకాళ్లు నొప్పి. ఇరవై ఏళ్లుగా అదే దారి, అదే పాత టీవీఎస్ బండి.

ఈ ఏడు మిషన్ ఆఫీసుకు కొత్త ఇన్‌ఛార్జిగా వచ్చిన దినేష్, ఆయన ఫోన్లో ఒక యాప్ పెట్టించాడు. రోజుకు పదిహేను ఇళ్లు, ఇంటికి పది నిమిషాలు, ప్రార్థన చేస్తున్న ఫొటో ఒకటి. దినేష్ చెడ్డవాడేం కాదు. ఎక్కువమందికి వాక్యం అందాలన్నదే అతని ఆరాటం.

చిక్కంతా ఏసన్న నీడతోనే. ఎవరైనా మనసులో మాట చెప్పుకోకముందే ఆయన లేచి వచ్చేస్తే, నీడ మాత్రం ఆ ఇంట్లోనే కూర్చుండిపోయేది. ఇంటివాళ్లు దానికింత చాప జరిపి, పనులు చేసుకుంటూనే కష్టం చెప్పుకునేవాళ్లు. అంతా విన్నాక అది లేచి, బస్సుల రోడ్డు పట్టుకుని ఇల్లు చేరేది. ఉన్నది ఒక్క నీడే కాబట్టి మిగతా ఇళ్లకు ఆయన ఒట్టి మనిషిగానే పోయేవాడు. భార్య ప్రమీల అన్నం వడ్డిస్తూ, ఈ పొద్దు యాడ ఇడిసిపెట్టి వచ్చినావని అడిగేది, గొడుగు గురించి అడిగినట్టు.

ఒక మంగళవారం ఆయన ఎమ్మిగనూరులో నేతపని చేసే మాదన్న ఇంటికి పోయాడు. మాదన్న భార్య ఉరుకుందమ్మ చనిపోయి నలభై రోజులు. మగ్గం మీద సగం నేసిన చీర అట్లే ఉంది. ప్రార్థనయ్యాక ఎట్లున్నావని అడిగితే, మాదన్న "ఉండానయ్యా" అన్నాడు. ఇంకేదో అనబోయాడు. అంతలో ఫోను మోగి పది నిమిషాలైనట్టు గుర్తుచేసింది. ఏసన్న లేచి బండెక్కాడు.

ఆ రాత్రి నీడ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ మర్నాడు దినేష్ ఫోన్ చేసి, జిల్లాలో అందరికంటే మీరే ముందున్నారని మెచ్చుకున్నాడు. సంతోషపడడానికి కూడా ఏసన్నకు ఓపిక లేకపోయింది.

శుక్రవారం ఆరిళ్లు అయ్యాక బండిని మాదన్న ఇంటివైపు తిప్పేశాడు.

నీడ మగ్గం పక్కన గోడకానుకుని కూర్చునుంది. దాని ముందు చెంబుతో నీళ్లు పెట్టి ఉన్నాయి. మాదన్న చిక్కిపోయాడు.

"పొమ్మన్నా పోలేదయ్యా ఇది," అని అటక మీదికి చూశాడు. అక్కడ పత్తికి కొట్టే మందు సీసా ఉంది. "ఆ దినం నువ్వు లేస్తానే తాగుదామనుకుంటి. ఎదురుగా మనిషి కూర్చోనుంటే యెట్ల తాగేది?"

ఏసన్న సీసా దించి, సంచిలో బైబిలు పక్కన పెట్టుకున్నాడు. తర్వాత మోకాళ్లు పట్టుకుని మెల్లగా చాప మీద కూర్చున్నాడు. దినేష్ ఫోన్ చేశాడు. ఇంకా తొమ్మిదిళ్లు మిగిలున్నాయట, ఎంతసేపు పడుతుందని అడిగాడు.

"తెల్దు సార్," అని ఏసన్న ఫోను పక్కన పెట్టేశాడు.

మాదన్న మగ్గం మీది చీర వైపు చూస్తూ నోరు విప్పాడు.

"కడుపు నొప్పి అనె. ఈ చీర మగ్గం దిగినాక ఆసుపత్రికి పోదాంలే అంటి."

ఏసన్న ఏ వాక్యమూ ఎత్తలేదు. మధ్యాహ్నమంతా వింటూ కూర్చున్నాడు. పొద్దు వాలేవేళ మాదన్న కళ్లు తుడుచుకుని లేచాడు. పొయ్యి ముట్టించి, ఇద్దరికి సరిపడా బియ్యం కడిగాడు.