గుమ్మం ఎక్కని తలుపు

నేను ఒక తలుపుని. చాలా ఏళ్లపాటు ఈ మాట చెప్పుకోవడానికి నాకే మొహం చెల్లలేదు. తలుపన్నాక మూసుకోవాలి, తెరుచుకోవాలి. నేను ఆ రెండూ తప్ప మిగిలిన పనులన్నీ చేశాను.

నన్ను చేసింది గిద్దలూరు మాణిక్యాచారి. మంచుకొండల్లో పట్టాళానికి వంతెనలూ గుడిసెలూ కట్టిన వడ్రంగి. హవల్దారుగా రిటైరై ఊరికి వచ్చాడు. అందరూ మిలట్రీ ఆచారి అంటారు. వచ్చిన ఏడాదే చిన్న ఇల్లు వేసుకుని, వీధి గుమ్మం కోసం టేకు చెక్కతో నన్ను చేశాడు. చిత్రిక పడుతున్నప్పుడు ఆయన చెయ్యి పసిబిడ్డకు నలుగు పెడుతున్నట్టు నడిచింది. నడుమ ఒక పద్మం చెక్కాడు. దాన్ని చూసుకుని నేను కాస్త గర్వపడిన మాట నిజం. పొద్దున్నే బందులు బిగిస్తానని భార్య ఈశ్వరమ్మతో చెప్పి, నన్ను గోడకు ఆనించాడు.

పొద్దున్నే కంటి వైద్య శిబిరం వాళ్లు వచ్చారు. డాక్టరుగారికి బల్ల లేదట. "ఆ తలుపు ఖాళీగానే ఉంది గదా ఆచారన్నా" అన్నారు.

ఖాళీగా ఉన్న తలుపట! బిగించడానికి ఒక్క పూట గడువిస్తే కదా నా పనేమిటో తెలిసేది. రెండు స్టూళ్ల మీద నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, నా పద్మం మీద చుక్కలమందు సీసాలు పేర్చారు. ఆ మరక ఇప్పటికీ పోలేదు.

అది మొదలు. జెండా పండగకు వేదికనయ్యాను. పెద్దమనుషులు నా మీద నిలబడి సేవ గురించి మాట్లాడి, దిగేటప్పుడు చెప్పుల బురద నా అంచుకే రాసిపోయారు. రక్తదానానికి మంచాన్నయ్యాను. బడికి సున్నం వేసేవాళ్లకు మంచెనయ్యాను. సగిలేరు పొంగినప్పుడు గొర్రెపిల్లల్ని దాటించే తెప్పనయ్యాను. గొర్రెపిల్లలు పద్మాన్ని ఎంత గౌరవిస్తాయో మీరే ఊహించుకోండి. ప్రతిసారీ ఆచారి ముందు నడిచేవాడు, పాత పట్టాళం బెల్టు బిగించుకుని, ఒక కొస తన భుజాన వేసుకుని. అలసట ఎరగని మనిషి. అదే నా ఖర్మ.

ఇంటి గుమ్మానికి మాత్రం ఒక రేకు ముక్క. ఈశ్వరమ్మ దాన్ని తీగతో కట్టేది. మేకలు తలతో నెట్టుకుని లోపలికొచ్చి బియ్యం తినేవి. తాళం వేసే వీలు లేదు గనక ఆమె ఊరు దాటి ఒక్క పూట వెళ్లింది లేదు. నంద్యాలలో ఆమె చెల్లెలు మంచం పట్టింది. "అక్కా, ఒక్కసారి వచ్చి కనపడిపో" అని ఫోన్లో ఏడ్చేది. ఇంటాయన కాపలా ఉంటాడు కదా అంటారేమో. ఆయన ఇంట్లో ఉంటే కదా.

ఒకనాడు ఆమె నిలదీసింది. ఆయన తాపీగా జవాబిచ్చాడు. "పట్టాళంలో వస్తువుకి సొంతదారుండడే. అవసరం ఎవరిదైతే వాళ్లదే."

"పట్టాళానికి చెల్లెలు లేదు గాబట్టి సరిపొయింది" అంది ఈశ్వరమ్మ.

ఆ వానాకాలంలోనే బస్టాండులో మూటలు మోసే బుడ్డన్న కుప్పకూలాడు. నా అనేవాళ్లు లేని ముసలివాడు. ఆచారి పరుగున వచ్చి నన్ను లాక్కుపోయాడు. నలుగురు మనుషులు బుడ్డన్నను నా మీద పడుకోబెట్టి, నన్ను భుజాలకెత్తుకుని ఆసుపత్రికి నడిచారు. దారిలోనే బుడ్డన్న ఊపిరి ఆగిపోయింది. నా మీద ఆ బరువు ఒక్కసారిగా మారింది. అప్పుడు మాత్రం నాకు విసుగు రాలేదు.

విసుగు ఆ తర్వాత వచ్చింది. శ్మశానానికి మోసుకుపోతుంటే వీధి పెద్ద పేరయ్య, శవాన్ని మోసిన చెక్క మళ్లీ ఇంటికి పనికిరాదనీ, శవంతోపాటే కాల్చాలనీ తేల్చాడు. వానకు కట్టెలు కూడా తక్కువగా ఉన్నాయట. మరి మిలట్రీ ఆచారి ఏమన్నాడనుకుంటున్నారు? సరేనన్నాడు. తను చెక్కిన పద్మం వైపు ఒకసారి చూసి మరీ సరేనన్నాడు.

మా వీధి మలుపులో ఈశ్వరమ్మ అడ్డం నిలబడింది. సంగతి ఆమెకు ముందే చేరింది. బుడ్డన్నను పాడె మీదికి మార్చి, తలుపును అక్కడే దించమంది.

"సావు మోసిన చెక్కమ్మా అది" అన్నాడు పేరయ్య.

"మోసింది మీ భుజాలు గూడా గదన్నా. వాటిని గూడా కాల్చి రాండి. అప్పుడిస్తా నా తలుపు."

నలుగురూ తమ భుజాల వైపు చూసుకున్నారు. వానలోనే వెదురు తెచ్చి పాడె కట్టారు. ఆచారే తలకొరివి పెట్టాడు. ఆమె నన్ను పెరట్లోకి ఈడ్చుకుపోయి పసుపు నీళ్లతో కడిగింది, అంట్లు తోమినంత కోపంగా.

మైల తీరిన మర్నాడు ఆమె తలంటుకుని, పళ్లెంలో తాంబూలం, కొత్త పంచె పెట్టుకుని వీధిలోకి వెళ్లింది. చుట్టూ తిరిగి, ఆయన వడ్రంగం చేసే కొట్టం ముందువైపు నుంచి వచ్చి, పని చెప్పుకోవడానికి వచ్చేవాళ్లు కూర్చునే పీట మీద కూర్చుంది.

"మా ఇంటికి తలుపు బిగించాల ఆచారిగారూ" అంది.

ఆయన చేతిలో రంపం ఆగిపోయింది. "ఏందే ఇది?"

"ఊరోళ్లొచ్చి అడిగితేనే గదా మీకు పనయ్యేది. నేనూ ఈ ఊరిదాన్నే."

మీకు తెలియకపోతే చెబుతాను. ఇంటివాళ్లు తాంబూలమిచ్చి పని చెప్పాక, అది ముగిసేదాకా ఆచారి ఇంకో పని ముట్టడు. ఆయన తండ్రీ తాతా ఎన్నడూ తప్పని మాట అది. ఆయన పళ్లెం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. తర్వాత చేతులు తుడుచుకుని, లేచి నిలబడి, రెండు చేతులా అందుకున్నాడు.

వాననీళ్లు తాగి నేను ఉబ్బిపోయాను. గుమ్మంలో పట్టలేదు. అంచు మళ్లీ చిత్రిక పట్టాడు. మధ్యాహ్నానికి బందులు ఎక్కాయి. ఈశ్వరమ్మ నన్ను ఒకసారి మూసి, తెరిచి, మళ్లీ మూసింది. మెచ్చుకోలేదు. తాళం కప్పా, చెవీ ఆయన చేతిలో పెట్టి, అప్పటికే సర్దిపెట్టుకున్న సంచీ తీసుకుని నంద్యాల బస్సెక్కింది.

మర్నాడే వాలీబాల్ పోటీల కుర్రాళ్లు దిగారు. లెక్కలు రాసేవాళ్లకు బల్ల కావాలంటూ కళ్లు నా మీదే నిలిపారు. ఆచారి వచ్చి నా బందు మీద చెయ్యి వేశాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది.

"ఇది నాది గాదురా. ఈశ్వరమ్మగారిది. ఆమె ఊళ్లో లేదు" అన్నాడు.

నా పద్మం రేకులన్నీ విచ్చుకున్నట్టనిపించింది. కానీ ఆ మనిషి చేతులు కట్టుకుని ఎంతసేపు నిలబడగలడు? లోపలికి వెళ్లి, తను పడుకునే నవారు మంచాన్ని ఈడ్చుకొచ్చి, ఒక కొస కుర్రాళ్లకిచ్చి రెండో కొస తను పట్టాడు. వీధిలోకి దిగాక కాలితో నన్ను దగ్గరికి లాగి, తాళం వెయ్యకుండా చేతిలోనే పట్టుకుని పోయాడు.

నేను గుమ్మాన్ని గట్టిగా కరుచుకుని నిలబడ్డాను. అవతల మేకలు అప్పుడే వచ్చేశాయి. ఆమె తిరిగొచ్చేదాకా ఈ ఇంట్లో బాధ్యత తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండాలి కదా.