సింహాల ముంగిట్లో తెరుచుకున్న మూత

నేను ఒక చిన్న కెమెరాను. అరచేతిలో ఇమిడిపోతాను, మెడలో తాడు వేసి తగిలిస్తే బొడ్డు దాకా వేలాడతాను. జపానులో ఒక కర్మాగారంలో తెల్లటోపీ పెట్టుకున్న ఒకావిడ నా కంటికి ఆఖరి మర బిగించింది. ఇక బయలుదేరు అన్నట్టు వేలితో ఒక్క తట్టు తట్టి అట్టపెట్టెలో పెట్టింది. నేను చూసిన మొదటి ముఖం ఆమెదే. కడుపులో ఫిల్ము లేదు గనుక దాచుకోలేకపోయాను.

అట్టపెట్టె తెరుచుకునేసరికి కువైట్‌లో ఉన్నాను. నన్ను కొన్నవాడు ఇర్ఫాన్, రాయచోటి మనిషి, అక్కడ ఒక షేకు ఇంట్లో డ్రైవరు. షేకుకు ఆరు కార్లు. ఏ కారు పక్కన నిలబడితే ఆ కారు తనదే అన్నట్టు చెయ్యి వేసి నాతో ఫొటో తీయించుకునేవాడు. ఆ ఫొటోలు చూసే అతనికి పిల్లనిచ్చారని తరవాత విన్నాను. మనిషి మాత్రం మంచివాడు, పెళ్ళాన్ని బాగానే చూసుకున్నాడు. పెళ్ళి ఆల్బం చేసిపెట్టినందుకు బదులుగా హవేలిపేటలో ఫొటో స్టూడియో నడిపే సుభాన్‌కు నన్ను ఇచ్చేశాడు.

హవేలిపేట చిన్న ఊరు. దానికి ఆ పేరు తెచ్చిన హవేలీ కూడా మరీ పెద్దదేమీ కాదు. ఒకప్పటి నవాబు కట్టించుకున్న భవనం, ఇప్పుడు ఊరి గ్రంథాలయం. బడి వదలగానే పిల్లలు వచ్చి అందులో చదువుకుంటారు. దాని నడిమి గది కప్పు ఎవరైనా తలెత్తి చూడవలసిందే. గచ్చుతో చేసిన చిన్నచిన్న గూళ్ళు ఒకదాని మీద ఒకటి వాలుతూ, మూలల నుంచి పైకెక్కి నడుమ కలుసుకుంటాయి. ఊళ్ళో అందరూ దాన్ని తేనెపట్టు అంటారు. నేను వచ్చిన ఏడాది తుఫాను వానలకు తేనెపట్టులో సగం కూలిపోయింది. ఆదివారం గనుక గదిలో ఎవరూ లేరు.

హవేలీ కమిటీకి అధ్యక్షుడు నరసింగరావు, ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాడు. గచ్చుపని మేస్త్రీ ఓబులేసును పిలిపించి, కూలిన పెళ్ళల మధ్య నిలబెట్టి మాట్లాడాడు. కూలినదాన్ని ఫొటోలు తీయడానికి వచ్చిన సుభాన్ మెడలో నేనూ ఉన్నాను.

"ఓబులేసూ, నాకు తేనెపట్టు మీద కోపమేం లేదప్పా. రేపు మళ్ళా పిల్లోల్ల నెత్తిన పడితే జవాబు చెప్పాల్సింది నేను. మిగిలింది గూడా దించేసి స్లాబు ఏస్తే నూరేండ్లు చూసుకోబన్లేదు."

"మేం కడతాం సార్."

"యట్ల కట్టేది? నీకొచ్చునా?"

ఓబులేసు తన గురువు వైపు చూశాడు. ఖాదర్ వలీ డెబ్బై నాలుగేళ్ళ ముసలాయన, ఆ పక్కనే గోడకు ఆనుకుని కూచున్నాడు. ఆ తేనెపట్టుకు ఆఖరిసారి మరమ్మతు చేసింది ఆయన తండ్రి.

"మా నాయన తలుపేసుకోని చేసినాడు సార్," అన్నాడాయన. "నన్ను సున్నం నూరనిచ్చినాడు గానీ పరంజా ఎక్కనీలేదు. విద్య ఆయనతోనే పాయె."

నరసింగరావు తలెత్తి మిగిలిన సగాన్ని చూశాడు. "ఉగాది దాకా టైమిస్తాండా. చేతనవుతుందని నాకు నమ్మకం కుదిరితే సరి. లేకుంటే స్లాబే."

ఆ తరవాత నెల తిరక్కుండా ఓబులేసుకు ఒక పిలుపు వచ్చింది. పాత కట్టడాల మీద పనిచేసే విరజ అనే ఆర్కిటెక్టు, హైదరాబాదు ఆవిడ, సున్నంపని తెలిసిన ఆరుగురు మేస్త్రీలను స్పెయిన్‌లో జరిగే శిక్షణకు తీసుకెళ్తోంది. ఆఖరి రోజు గ్రనడా ఊళ్ళో అల్హంబ్రా అనే పాత సుల్తానుల కోట చూపిస్తుందట. బెంగుళూరు దాటి ఎరగని ఓబులేసు ముందు రానన్నాడు. ఖాదర్ వలీ చెవి పట్టుకున్నంత పని చేశాడు.

"ఒరే, తేనెపట్లకు అదే అమ్మగారిల్లంట. పోయి మూలలు ఫొటో తీస్కోని రా. అవి చూపిస్తే ఇంజనీరు సారు నమ్ముతాడు."

సుభాన్ నన్ను తెచ్చి ఓబులేసు మెడలో వేశాడు. రెండు రీళ్ళు ఇచ్చాడు. మొదటి రీలు శిక్షణలో సున్నం నానబెట్టే గుంటలకూ జల్లెడలకూ అయిపోయింది. రెండోది అల్హంబ్రా కొండ కింద బస్సు దిగాక నాలో వేశాడు.

ఎర్రమట్టి రంగు గోడలు, కొండంతా కోటే. వెనక మంచు కప్పిన పర్వతాలు. తక్కిన మేస్త్రీలు విరజతో కలిసి కోట బురుజులు చూడడానికి వెళ్ళారు. ఓబులేసు ఒక్కడే టిక్కెట్టు మీద రాసిన వేళకు రాజభవనం వాకిట్లో నిలబడ్డాడు. ఒకసారి లోపలికి వెళితే ఎంతసేపైనా ఉండవచ్చు, బయటికి వస్తే మాత్రం మళ్ళీ రానివ్వరని విరజ రెండుసార్లు చెప్పింది.

లోపల ముందుగా వినిపించింది నీళ్ళ చప్పుడు. పొడవాటి కొలనులో బురుజు తలకిందులుగా నిలబడి ఉంది. దాని పక్కన జనం ఒకళ్ళనొకళ్ళు ఫొటోలు తీసుకుంటున్నారు. ఓబులేసు ఆగలేదు. నీటితొట్టిని మోసే రాతిసింహాలున్న ముంగిలి దాటి పక్క మందిరంలోకి వెళ్ళి తలెత్తాడు. నన్ను రెండు చేతులతో రొమ్ముకు అదుముకున్నాడు. వేల గూళ్ళు. హవేలీలో ఉన్నది పిడికెడు తేనె అయితే ఇక్కడ అడవి అడవంతా తేనె.

"అబ్బ నా సామీ," అన్నాడు. ఆ తరవాత గంటసేపు కూచుని, గొంతుక్కూచుని, స్తంభానికి చెంప ఆనించి, నా కన్ను పైకెత్తి ఇరవై ఎనిమిది ఫొటోలు తీశాడు. అన్నీ మూలలే.

ముంగిట్లోకి రాగానే ఒక స్పెయిను ముసలాయన, టోపీ, చేతికర్ర, పక్కన భార్య, ఎదురొచ్చాడు. నన్ను చూపించి, ఓబులేసును చూపించి, నీ ఫొటో నేను తీస్తానని సైగ చేశాడు. ఓబులేసు సిగ్గుపడుతూనే సింహాల ముందు నిలబడి చొక్కా సరిచేసుకున్నాడు. ముసలాయన బొటనవేలు నొక్కవలసిన మీట వదిలి పక్కనున్న గొళ్ళెం మీద పడింది. నా వీపు మూత తటాలున తెరుచుకుంది. ఎండ నా కడుపులోకి వచ్చిపడింది.

ఓబులేసు పరిగెత్తుకొచ్చి మూత వేశాడు. ఫొటోల లెక్క చూపే చిన్న గాజుకిటికీలో ఇరవై ఎనిమిది పోయి సున్నా నిలబడింది. నన్ను ఆపి జేబులో తోసేశాడు. ముసలాయన మొహం పాలిపోయింది. ఆయన భార్య ఆయన్ని వాళ్ళ భాషలో తిట్టిన తిట్లు ఏ భాషలోనైనా అర్థమవుతాయి.

"పర్లేదు తాతా, పర్లేదు," అన్నాడు ఓబులేసు తెలుగులో. పర్లేదన్న ఆ ముఖం చూసి ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ సంచిలోంచి ఒక నారింజపండు తీసి ఓబులేసు గుప్పిట్లో పెట్టి, ఆ గుప్పిలి తన రెండు చేతులతో మూసింది. వాళ్ళు వెళ్ళిపోయాక అతను స్తంభం మొదట్లో కూచుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మామూలు కెమెరాల్లో ఫొటో తీసిన కొద్దీ ఫిల్ము డబ్బీలోంచి బయటికి వస్తుంది. నన్ను చేసినవాళ్ళు జాగ్రత్తపరులు. నేను మొదట్లోనే ఫిల్మంతా బయటికి లాగేసుకుని, తీసిన ఫొటోను తీసినట్టు డబ్బీలోకి తోసేస్తాను. ఎండ తగిలింది ముప్పై ఆరింటిలో ఇంకా తీయని ఎనిమిది ఫొటోలకే. ఆ ఇరవై ఎనిమిదీ డబ్బీ చీకట్లో భద్రంగా ఉన్నాయి. ఏడవొద్దురా నాయనా అని చెప్పడానికి నాకు నోరేది?

బురుజులు చూసి వచ్చిన విరజ అతన్ని అక్కడ చూసింది.

"ఏమైంది ఓబులేసూ?"

"అంతా పాయె మేడం. రీలు కాలిపాయె. సారుకు ఏం చూపించాల నేను?"

ఆవిడ తన కెమెరాలో కూడా ఫిల్ము అయిపోయిందని చూసుకుని, కొనడానికి బయటికి పోతే మళ్ళీ రానివ్వరు గనుక, సంచిలోంచి నోటుపుస్తకమూ పెన్సిలూ తీసింది. "బస్సుకు ఇంకా మూడు గంటలుంది. గియ్యి."

"నాకు బొమ్మలు రావు మేడం."

"గచ్చు మీద తీగలు గీస్తావుగా, తాపీ మొనతో. ఇదీ అంతే."

మళ్ళీ ఆ మందిరంలో, ఈసారి చేతిలో పెన్సిలుతో కూచున్నాడు. మొదటి నాలుగు కాగితాలు చించి జేబులో పెట్టుకున్నాడు. నాతో చూసినప్పుడు కన్ను పెట్టి మీట నొక్కితే పని అయిపోయేది. ఇప్పుడు ఒక్కొక్క గూడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిస్తే గాని గీత కదలడం లేదు. చేయి చాచి బెత్తెడు ఇంత, జాన ఇంత అని గాలిలో కొలుస్తున్నాడు. రెండో గంటలో ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"మేడం! ఇవి వేలు కాదు మేడం! ఏడెనిమిది రకాల అచ్చులే! వాటినే తిప్పి తిప్పి పేర్చినారు!"

కాపలావాడు వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. విరజ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు నోరుండి ముందే చెప్పి ఉంటే, ఆ నోటుపుస్తకం తెరుచుకునేదే కాదు.

ఊరు చేరాక ఓబులేసు నన్ను సుభాన్ బల్ల మీద పెట్టి, "ఆ రీలు పారెయ్యి సుభానూ, చెడిపోయింది," అన్నాడు.

"కడగకుండా పారెయ్యడం నాకు చాతగాదన్నా," అని సుభాన్ చీకటిగదిలోకి పోయాడు. బయటికి వచ్చేటప్పుడు తడి ఫిల్ము రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "అన్నా! ఉండాయి! అన్నీ ఉండాయి!" అని అరిచాడు. అవి ఎట్లా మిగిలాయో విప్పి చెప్పేసరికి ఓబులేసు నన్ను చేతిలోకి తీసుకుని, "ఓరి దీని దుంపదెగ, ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకోని మాట్లాడకుంటివే!" అన్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో సుభాన్‌కూ తెలియలేదు.

ఉగాది రాకముందే నరసింగరావు ఫొటోలన్నీ తిరగేశాడు, చక్కగా ఉన్నాయన్నాడు. ఆయన చెయ్యి ఆగింది మాత్రం నోటుపుస్తకం మీద. అచ్చుల కొలతలు ఒక్కొక్కటీ అడిగాడు. ఓబులేసు తడుముకోకుండా చెప్పాడు. "చెక్కతో అచ్చులు చేయించు," అన్నాడాయన, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. "కప్పు కింద ఊతకర్రలు మోసే బరువు లెక్క నేను చూస్తా."

పనికి ఆరు నెలలు పట్టింది. ఊతకర్రలు తీసే రోజు ఊరంతా వాకిట్లో నిలబడింది, లోపలికి రావడానికి ధైర్యం చాలక. లోపల ఓబులేసు, నరసింగరావు, ఖాదర్ వలీ ముగ్గురే; గుమ్మంలో సుభాన్ మెడలోంచి నేను చూస్తున్నాను. నరసింగరావు వద్దన్నా ఖాదర్ వలీ సరిగ్గా నడుమ కుర్చీ వేయించుకుని కూచున్నాడు. ఒక్కొక్క కర్రా తీస్తుంటే సున్నపుపొడి కాస్త రాలింది. ఆఖరి కర్ర కూడా తీశారు. కప్పు అలాగే ఉంది. ముసలాయన చాలాసేపు పైకి చూశాడు, పాత సగమేదో కొత్త సగమేదో వెతుకుతూ.

"మా నాయన చేతికి ఇంత నిదానం లేదురా," అన్నాడు.

ఓబులేసు ఆయన కుర్చీ పక్కనే నేల మీద కూచుని తనూ పైకి చూశాడు. అప్పుడు సుభాన్ నాతో ఒక ఫొటో తీశాడు. తేనెపట్టు కింద ఊరంతా నిలబడింది, ఒక్కరూ తలెత్తి దాన్ని చూడకుండా నా వంకే చూస్తూ. మనుషులు అంతే.

సుభాన్ నన్ను ఓబులేసుకే ఇచ్చేశాడు, ఇప్పుడు అతని ఇంట్లో గూట్లో ఉంటున్నాను. నా రీళ్ళు ఎక్కడా దొరకడం లేదు, మోటారు తిరగడం మానేసింది. అయినా నాకు దిగులు లేదు. జడివాన వెలిసిన ప్రతిసారీ ఓబులేసు చెప్పులు వేసుకుని తేనెపట్టు ఎలా ఉందో చూడడానికి హవేలీకి వెళ్తాడు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూచుని, "ఏం కూర?" అని అడుగుతాడు. అది వినగానే ఈ గూట్లో నేను కూడా నిశ్చింతగా కన్ను మూసుకుంటాను.