నారింజ ఒలిచే చోటు

హాల్వర్ లారీ దిగేసరికి పొద్దున తొమ్మిదిన్నర దాటింది. వారం రోజులుగా మంచు ఒకటే కురుస్తోంది. వాల్డ్రెస్ లోయలో రోడ్ల మీద పడ్డ మంచునంతా ఆ వారం పక్కకి తోసింది అతనే. మెడ అటు తిప్పితే ఇటు రావడం లేదు. కాఫీ కూడా వద్దు, సోఫా దొరికితే చాలనుకుంటూ ఇంటివైపు నడిచాడు.

గుమ్మం మెట్టు మీద తూవా కూర్చుని ఉంది. అయిదేళ్ళ పిల్ల. ఉన్ని టోపీ, చేతి తొడుగులు, స్కీ బూట్లు అన్నీ వేసేసుకుంది. పక్కన గోడకి చిన్న స్కీలు ఆనించి ఉన్నాయి. పెదనాన్న కొడుకు ఎయిలిఫ్‌కి పొట్టివైపోతే అడిగి తెచ్చుకున్నవి.

భార్య మారిత్ కోటు తొడుక్కుంటూ బయటికొచ్చింది. ఆమె వృద్ధాశ్రమంలో నర్సు.

"ఏడింటి నుంచీ అక్కడే కూర్చుంది. నాకు డ్యూటీ టైమైంది. నువ్వు పడుకుంటానంటే నేనేమీ అనను. కానీ దానికి ఆ మాట నువ్వే చెప్పుకో."

తూవా తలెత్తి చూసింది. "ఇవాళ కూడా పడుకుంటావా నాన్నా? పడుకుంటే చెప్పెయ్. స్కీలు ఎయిలిఫ్‌కి ఇచ్చేస్తా. వాళ్ళ చెల్లికి కావాలంట."

ఆ గొంతులో కోపం లేదు. అదే హాల్వర్‌కి కష్టంగా తోచింది. ఈ ఆదివారం స్కీయింగ్‌కి తీసుకెళ్తానని మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ నిద్రపోయాడు. మొదటిసారి పిల్ల ఏడ్చింది. రెండోసారి అలిగింది. మూడోసారి చడీచప్పుడు లేకుండా దుప్పటి తెచ్చి అతనికి కప్పి వెళ్ళిపోయింది. మెలకువొచ్చి ఆ దుప్పటి చూసుకున్నప్పటి నుంచి అతనికి మనసు మనసులో లేదు.

"పద," అన్నాడు.

కొట్టంలోకి వెళ్ళి, మంచు మీద పట్టు దొరికేందుకు స్కీల అడుగున పూసే మైనం డబ్బా తీశాడు. చలిని బట్టి మైనం. బాగా చలైతే నీలం, మంచు చెమ్మగా ఉంటే ఎర్రది. నిన్న సాయంత్రం డీజిల్ పోయించడానికి దిగినప్పుడు మంచు తడితడిగా తగిలింది. అదే గుర్తుపెట్టుకుని నాలుగు స్కీలకీ ఎర్ర మైనం పట్టించేశాడు. వంటింటి కిటికీకి థర్మామీటరు ఉంది. పదడుగులు వేస్తే కనబడుతుంది. మంచు సంగతి నాకొకరు చెప్పాలా అనుకున్నాడు.

అడవి మొదట్లో స్కీలు కట్టి, స్కీల కోసం మంచులో తీసిన గాడిలో పిల్లని నిలబెట్టాడు. రెండు కిలోమీటర్లు వెళితే చెరువు అవతల చెక్కగది ఉంటుంది. ఆదివారాలు అక్కడ వాఫల్స్ పోస్తారు. తూవా జేబులో ఒక నారింజ పండు ఉంది. అక్కడికి చేరాకే ఒలవాలి. దారిలో ఒలిచినవాళ్ళు ఆ లోయలో లేరు.

పిల్ల ఒక అడుగు వేసింది. జారలేదు. ఇంకోటి వేసింది. స్కీ కింద మంచు ఇటుకలా పట్టుకుంది. పది అడుగులయ్యేసరికి జానెడు ఎత్తు పెరిగింది. హాల్వర్ స్కీలదీ అదే గతి. రాత్రికి రాత్రే చలి బిగిసిందని, ఎర్ర మైనం తప్పని అప్పుడు తెలిసొచ్చింది. వారమంతా వేడి క్యాబిన్లో కూర్చుని మంచు తోసినవాడికి బయట మంచు ఎలా ఉందో తెలియలేదు.

"స్కీయింగంటే ఇదేనా నాన్నా?"

"కొంచెం ఇదే."

"నడవడమేగా ఇది. ఇంకా బరువు కూడా."

వెనకాల సర్రుమని చప్పుడైంది. బోర్గిల్ ముసలమ్మ. డెబ్భై ఎనిమిదేళ్ళు. హాల్వర్‌కి చిన్నప్పుడు స్కీ నేర్పింది ఆవిడే. పక్కన ఆగి వాళ్ళ కాళ్ళకేసి చూసింది.

"ఏం పూశావురా, రొట్టె మీది జామ్ కాదుగదా?"

"ఎర్రది, బోర్గిలమ్మా."

"సున్నాకి కింద తొమ్మిదిరా నాయనా ఇవాళ. మీ ఇంట్లో కిటికీ లేదా?"

"నిద్ర లేదు."

ఆవిడ అతని మొహం చూసి ఇక ఎగతాళి చేయలేదు. "గీకెయ్. పర్సులో ఏదో ఒక కార్డుంటుందిగా," అంది.

హాల్వర్ మోకాళ్ళ మీద కూర్చుని లైబ్రరీ కార్డుతో గీకడం మొదలుపెట్టాడు. వేళ్ళు మొద్దుబారాయి. కార్డు విరిగింది. విరిగిన ముక్కతోనే పిల్ల స్కీలు రెండూ శుభ్రం చేశాడు. తనవి గీకే ఓపిక లేక విప్పి చెట్టుకి ఆనించాడు. కానీ మైనమంతా పోయేసరికి తూవా స్కీలకి పట్టు పోయింది. ముందుకి అడుగేస్తే వెనక్కి జారుతోంది.

"ఇలా వాఫల్స్ దాకా వెళ్ళలేదు ఇది," అన్నాడు నీరసంగా.

"అయితే దిగుడు చూపించు," అంది బోర్గిల్.

చెరువు వైపు చిన్న పల్లం ఉంది. అక్కడ నిలబెట్టి, మోకాళ్ళు వంచమని చెప్పి వదిలాడు. తూవా జారింది. చెరువు అంచుదాకా జారి ఆగింది. తర్వాత వెనక్కి తిరిగి, "మళ్ళీ," అంది.

మళ్ళీ అంటే పైకి తేవాలి. హాల్వర్ తన స్కీ కర్ర చివర పిల్ల చేతికిచ్చి లాగాడు. బూట్లతో గాడి తొక్కితే గుంటలు పడి వెనకవాళ్ళు తిట్టుకుంటారు. అందుకని పక్కన మోకాలి లోతు మంచులో దిగబడుతూ ఎక్కాడు. ఒకసారి. అయిదుసార్లు. ఏడోసారి తర్వాత లెక్క మర్చిపోయాడు. ఒళ్ళంతా చెమట, కళ్ళు మూతలు పడుతున్నాయి. పిల్ల మాత్రం "మళ్ళీ" అంటూనే ఉంది.

బోర్గిల్ వీపు సంచిలోంచి జింకతోలు తీసి మంచు మీద పరిచింది. "కూర్చో. దీన్ని నేను లాగుతాలే కాసేపు."

"మీరా?"

"నిన్ను లాగినదాన్ని. నువ్వు దీనికన్నా బరువుండేవాడివి."

అతను కూర్చున్నాడు. కూర్చున్నట్టే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా తూవా నిలబడి ఉంది. చేతిలో నారింజ, తొక్క తీయకుండా అలాగే ఉంది. హాల్వర్ గబుక్కున లేచి కూర్చున్నాడు.

"పడుకున్నాను కదూ."

"ఊఁ. ఇక్కడ పడుకున్నావుగా. పర్లేదు." పండు అతని చేతిలో పెట్టింది. "ఎక్కడ వెనక్కి తిరిగితే అక్కడ ఒలవచ్చంట. బోర్గిలమ్మ చెప్పింది. నువ్వు లేచాక ఒలుద్దామని ఆగాను."

మొద్దుబారిన వేళ్ళతో ఒలిచాడు. ముగ్గురూ తలో నాలుగు తొనలు తిన్నారు. చల్లటి తొనలు పంటికి జివ్వుమన్నాయి. ఫోన్ మోగింది. మధ్యాహ్నం మళ్ళీ మంచు పడుతుందట, మూడింటికల్లా లారీ ఎక్కాలట. "సరే," అని పెట్టేశాడు.

ఇంటికొచ్చాక తూవా స్కీలు తీసుకెళ్ళి అతని పార పక్కనే గోడకి ఆనించింది.

"ఎయిలిఫ్‌కి ఇచ్చేస్తానన్నావు?"

"వాళ్ళ చెల్లికి ఇంకా రెండేళ్ళే నాన్నా. ఆగుతుందిలే," అని లోపలికి వెళ్ళిపోయింది.

హాల్వర్ మెట్టు మీద కూర్చుని ఒక బూటు విప్పాడు. రెండోది విప్పడానికి చాలాసేపు పట్టింది.